గోడకు పెట్టిన దండాలు

మా శాఖ కాగితాల్లో నా పేరు మీద ఒక తప్పు నమోదై ఉంది. దాన్ని నమోదు చేసింది ఇంకెవరో కాదు, నేనే. పదవీ విరమణకు ఎనిమిది నెలల ముందు, నా చేత్తో రాసి, నా సంతకం పెట్టి ఇచ్చాను. సన్మాన సభలో నా గురించి మాట్లాడిన నలుగురూ ఆ సంగతి దాటవేశారు. పెద్దమనిషిని చివరిరోజున ఇబ్బంది పెట్టడం ఎందుకనుకున్నారు కాబోలు. నా మటుకు నాకు, ఇన్నేళ్ళ ఉద్యోగంలో చెప్పుకోదగ్గ పని చేశానంటే అదొక్కటే. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం దాన్ని మొదటినుంచీ రాస్తున్నాను.

నా ఉద్యోగం పాత గుళ్ళలో రాళ్ళ మీద చెక్కిన రాతలకు నకలు తీయించడం, చదవడం, రిపోర్టు రాయడం. ఇప్పుడు మీరు ఫోనుతో ఫొటో తీసి, కంప్యూటర్లో వెలుతురు అటూ ఇటూ తిప్పి చదువుతున్నారు. మా రోజుల్లో రాయిని కడిగి, తడి కాగితం అతికించి, అక్షరాల గుంటల్లోకి దిగేదాకా బ్రష్షుతో కొట్టి, పైన సిరా గుడ్డతో అద్దేవాళ్ళం. రాయి నల్లగా, అక్షరం తెల్లగా వచ్చేది. నకలు తీసే మనిషి వేరు, చదివే మనిషి వేరు. చదివేవాడికి కుర్చీ ఉండేది.

ఆ కుర్చీ గురించి చెప్పాలంటే మా ఇంటి సంగతి రెండు మాటలు చెప్పాలి. మా ముత్తాతగారి కింద కృష్ణ ఒడ్డున పదకొండు ఊళ్ళుండేవి. మా తాతగారి నాటికి కోర్టు వ్యవహారాలు మిగిలాయి. మా నాన్నగారి నాటికి దివాణం తలుపులు మిగిలాయి, వాటినీ ఆయనే అమ్మారు. నా దాకా వచ్చింది నిటారుగా కూర్చోవడం ఒక్కటే. అద్దె ఇంట్లో పెరిగినా మా నాయనమ్మ నన్ను గోడకు చేరగిలబడనిచ్చేది కాదు. "మనం ఆనుకునేవాళ్ళం కాదు, మనల్ని ఆనుకునేవాళ్ళు ఉండేవాళ్ళు," అనేది.

మా ఊళ్ళు పోయినా, మా పేరు ఒక్కచోట నిలిచింది. విజయవాడకు తూర్పున, డెల్టాలో ఒక పాత శివాలయం ఉంది. దాని ముఖమండపానికి దక్షిణం వైపు మా ముత్తాతగారు ఇటుకా సున్నంతో గోడ కట్టించి, బయటివైపు పాలరాతి పలక మీద తన పేరూ బిరుదులూ చెక్కించారు. ఆ గోడ గురించి మా నాయనమ్మ చెప్పని రోజు లేదు. ముఖ్యంగా ఒక మాట చెప్పేటప్పుడు ఆమె కళ్ళు మెరిసేవి. "మైలవరం వైపు మెట్ట ఊళ్ళనుంచి గొల్లవాళ్ళు ఒక కుటుంబం ఏటా శివరాత్రికి వచ్చి గుళ్ళో దీపానికి నెయ్యి పోస్తారురా. లోపలికి వెళ్ళేముందు ఏం చేస్తారో తెలుసా? మన పలక కింద గోడకు నుదురు ఆనించి దండం పెడతారు. చదువు లేనివాళ్ళు. అయినా ఎవరు కట్టించారో మరిచిపోలేదు. విశ్వాసం అంటే అదీ."

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు నన్ను ఆ గుడికే పంపారు. ఎగిరి గంతేశాననాలి, కానీ మా ఇంట్లో గంతులు వేసే అలవాటు లేదు.

నాతో వచ్చిన నకలు మనిషి మా శాఖలోకెల్లా చేయి తిరిగినవాడు. వాళ్ళ నాన్న చర్చి గంట కొట్టేవాడు. ఇతను ఆదివారం చర్చిలో పాటలు పాడి, సోమవారంనుంచి గుళ్ళలో రాళ్ళు కడిగేవాడు. "మీ దేవుళ్ళు నాకు తెలియరు గానీ, వాళ్ళ రాళ్ళన్నీ నాకు తెలుసు," అనేవాడు. నా వంశం సంగతి తెలిసిన మొదటి రోజునుంచీ నన్ను 'దొరగారూ' అని పిలిచేవాడు. అందులో గౌరవమెంతో వెటకారమెంతో ముప్పై ఏళ్ళ తరవాత కూడా నేను తేల్చుకోలేకపోయాను.

ఆ గుళ్ళో నాకు జరిగిన మర్యాద చెప్పుకోకూడదు. ఫలానావారి మునిమనవడు వచ్చాడని ఊరి పెద్దలు కొబ్బరినీళ్ళు ఇచ్చారు, కండువా కప్పారు. నేను నేరుగా గోడ బయటివైపుకు వెళ్ళి, పలక మీది దుమ్ము నా జేబురుమాలుతో తుడిచాను. ఆ తరవాత లోపలికొచ్చి శాసనం చూశాను.

మండపంలో ఒక నలుచదరపు స్తంభం ఉంది. మూడు ముఖాల మీద పాత తెలుగు అక్షరాలు. నాలుగో ముఖం, అంటే బయటివైపు చూసేది, మా ముత్తాతగారి గోడలో కలిసిపోయింది. మూడు ముఖాలకూ నకలు తీశాం. మొదటిదాని మీద రాజు పొగడ్తలు. రెండోదాని మీద అసలు సంగతి. ఒక తల్లి, చనిపోయిన తన కొడుకు పుణ్యం కోసం, ఈ శివుడి ముందు ఎప్పటికీ ఆరని దీపం పెట్టించి, దాని నేతి కోసం యాభై గొర్రెలు ఇచ్చింది.

మన ప్రాంతపు పాత గుళ్ళ చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఆచారం ఇది. దీపం పెట్టించేవాళ్ళు ధనం ఇచ్చి ఊరుకునేవాళ్ళు కాదు. మందను ఒక కాపరికి అప్పగించేవాళ్ళు. వాడు రోజూ మానెడు నెయ్యి తెచ్చి పోయాలి. మనిషి ముసలివాడవుతాడు, మంద ముసలిది కాదు. ఒకటి పోతే రెండు పుడతాయి. ఆరని దీపానికి తరగని మందను జత చేశారన్నమాట. భక్తి అంటే మనం గర్భగుడి ముందు కళ్ళు మూసుకునే అరనిమిషం అనుకుంటాం. వాళ్ళ లెక్కలో అది పొద్దున్నే లేచి పాలు పితికే పని.

మూడో ముఖం మీద రాత కిందిదాకా వచ్చి "ఈ గొర్రెలను చేకొని" (అంటే తీసుకుని) అన్న మాట దగ్గర ఆగింది.

నకలు మనిషి కాగితం ఎత్తి ఆరబెడుతూ అడిగాడు. "తరవాత ఏముంది దొరగారూ?"

"ఏమీ లేదు. అక్కడితో అయిపోయింది."

"చేకొని, అని ఆపేశాడా? చెక్కేవాడు మధ్యలో భోజనానికి వెళ్ళాడా ఏంటి?"

"చదవడం నా పని. నకలు తీయడం నీ పని," అన్నాను.

"అదీ నిజమే," అని అతను బ్రష్షు కడుక్కున్నాడు. గోడవైపు చూస్తూ, "నాలుగో వైపు కూడా చూస్తే బాగుండేది. నాలుగు ఇటుకలు తీస్తే చాలు," అన్నాడు.

నాలుగు ఇటుకలు. సరిగ్గా వాటికి అవతల పలక ఉంది. సాయంత్రం రిపోర్టులో ఇలా రాశాను: "నాలుగో ముఖం గోడలో ఉంది. దానిపై రాత లేదు." చూడలేదు అని రాసి ఉంటే గోడ విప్పి చూడమని పైనుంచి ఉత్తరం వచ్చేది. రాత లేదు అని రాస్తే ఎవరూ అడగరు. అడగలేదు కూడా.

ఉద్యోగమంతా గడిచిపోయింది. నా కుర్చీ విజయవాడ వన్ టౌన్‌లో మా ఆఫీసు మేడ మీదికి మారింది. కింద తోపుడు బళ్ళ వాళ్ళ కేకలు, ఆటోల హారన్లు, పైన నా ఫైళ్ళు. శివరాత్రి ఇంకో నెలన్నర ఉందనగా ఒక పొద్దున డెబ్బై ఏళ్ళ ఆడమనిషి ఆ మెట్లన్నీ ఎక్కి వచ్చింది. మోకాళ్ళ దాకా బురద ఎండి ఉంది. భుజం మీద గొంగళి, చేతిలో ప్లాస్టిక్ కవరు.

"రాళ్ళు చదివే బాబుగారు మీరేనా?"

కూర్చోమన్నాను. కూర్చోలేదు. నిలబడే చెప్పింది. మైలవరం వైపు మెట్టనుంచి వచ్చింది. కోతలయ్యాక డెల్టా పొలాల్లో ఎరువు కోసం గొర్రెల మంద కట్టడం వాళ్ళ వృత్తి. రోజూ పోయడం ఎప్పుడో ఆగిపోయినా, శివరాత్రినాడు గుళ్ళో దీపానికి మొదటి నెయ్యి పోయడం వాళ్ళ ఇంటి ఆనవాయితీ. కిందటేడు మొదటిసారి ఆమెను గుమ్మం దగ్గరే ఆపేశారు. కొత్త కమిటీ వచ్చింది. దీపానికి డెయిరీ నెయ్యి తెప్పిస్తున్నారు, మొదటి నెయ్యి ఇకనుంచి దాతల కుటుంబాలు వంతులవారీగా పోస్తాయట. ఆమె దేవాదాయ అధికారికి అర్జీ పెట్టుకుంది. ఆయన విచారణ చేసి, ఆనవాయితీకి రాత ఏదైనా ఉంటే శివరాత్రి లోపల చూపించమన్నాడు.

"పోయినేడు మా ఆయన పోయి ఆర్నెల్లు కాలేదు. నెయ్యి చెంబు చేత్తో పట్టుకుని గుమ్మం బయట నిలబెట్టారు. మా ఇంట్లో దీపానికి పొయ్యని శివరాత్రి అదొక్కటే బాబుగారూ. ఈ ఏడు కూడా తప్పితే ఇంక మమ్మల్ని ఎవరు రానిస్తారు? రెండేళ్ళు లేనోళ్ళు ఎప్పుడూ లేనట్టేగా."

కవర్లోంచి ఆమె తీసిచ్చిన అర్జీ కాపీ చూశాను. భర్త పేరు గళ్ళో ఏమీ లేదు. అడిగాను.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేనెట్టా చెప్తాను? ఆధార్ కార్డులో ఉంది, చూసి మీరే రాసుకోండి."

మొగుడి పేరు పలకని తరం. కార్డు తీసి చూశాను. మూడక్షరాల పేరు, ఇప్పుడెవరూ పెట్టుకోని పేరు. తన మనవడి పేరు కూడా అదేనని, తాత పేరు మనవడికి పెట్టడం వాళ్ళ ఇంట్లో ఎన్నడూ తప్పలేదని ఆమె చెప్పింది. నేను రాసుకున్నాను. తరవాత, ఏళ్ళ తరబడి నా మనసులో ఉన్న ఆ తీపి జ్ఞాపకాన్ని కొంచెం గర్వంగానే బయటపెట్టాను.

"నువ్వు నెయ్యి పోసే ముందు బయట గోడకు దండం పెట్టే ఇంటి మనిషివే కదూ? ఆ గోడ కట్టించింది మా ముత్తాతగారే."

ఆమె నావైపు తేరిపార చూసింది. "మీ తాతగారా కట్టింది?"

"అవును."

"మంచిపని చేశారు," అంది. అది మెప్పు కాదని నాకు వెంటనే తెలిసింది. "గోడకెవరు పెడతారు బాబుగారూ దండం? గోడ వెనకాల మా రాయి ఉంది. మా పేరున్న రాయి. గోడ లేనప్పుడు దానికి మొక్కి లోనకెళ్ళేవాళ్ళంట. మా మామ చెప్పేవోడు, ఆయనకి వాళ్ళ తాత చెప్పాడంట, ఎవరో గోడ అడ్డంపెట్టినా మనం మొక్కడం మానకూడదు, రాయికి తెలుస్తుంది అని. అందుకని ఆడ మొక్కుతున్నాం."

నేను కుర్చీలో చేరగిలబడ్డాను. మా నాయనమ్మ చూస్తే ఒప్పుకునేది కాదు.

మా వంశమంతా నాలుగు తరాలుగా ఆ దండాలను అందుకుంటూ వచ్చింది. ఆ దండాలు మమ్మల్ని దాటుకుని వెనక ఉన్న రాతికి చేరుతున్నాయి. మేం మధ్యలో అడ్డం నిలబడి, మాకే అనుకుని తల ఊపుతున్నాం. ఆ పూట చదవడం రాని మనిషి నా ఎదురుగా నిలబడి శాసనం గురించి చెబుతోంది. చదవడం వచ్చిన నేను అక్కడ రాత లేదని రాసి సంతకం పెట్టాను.

ఆ రోజే ఉత్తరం రాశాను. నాలుగో ముఖాన్ని చూడకుండానే రాత లేదని నివేదించాననీ, గోడ విప్పి చూడడానికి అనుమతి కావాలనీ. మా పై అధికారి, నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు, దాన్ని రెండుసార్లు చదివాడు.

"ఎవరడిగారండీ ఇది?"

"ఎవరూ అడగలేదు."

"రిటైరవబోతూ ఎందుకండీ ఈ గొడవ? 'ఇటీవల లభించిన సమాచారం మేరకు' అని రాసి పంపిద్దాం. మీ పేరు రాదు."

"సమాచారం ఇటీవల లభించలేదు. అప్పుడే ఉంది. నేనే చూడలేదు."

"అలాగైతే మిమ్మల్ని సంజాయిషీ అడగాల్సి వస్తుందండీ."

"అడగండి. తెచ్చాను," అని రెండో కాగితం కూడా బల్ల మీద పెట్టాను.

అనుమతి వచ్చింది. నకలు మనిషి అప్పటికి రెండేళ్ళ కిందటే రిటైరయ్యాడు. ఇంటికి వెళ్ళి సంగతి చెప్పాను. అతను అటకమీదనుంచి తన పాత బ్రష్షు దింపుతూ, "నాలుగు ఇటుకలేనని అప్పుడే చెప్పాను దొరగారూ. ఈపాటికి అవి గట్టిపడి ఉంటాయి," అన్నాడు.

ఇంక కమిటీ ఛైర్మన్. ఆయన్ని దుర్మార్గుడిగా రాయడం నాకు తేలిక, కానీ అబద్ధమవుతుంది. ఆ ఊరి రైతు కుటుంబం ఆయనది. బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసు పెట్టి అపార్టుమెంట్లు కడతాడు. గుడికి వానకు కారని పైకప్పు, భక్తులకు మంచినీళ్ళు వచ్చింది ఆయన చేతిమీదే. నాకు స్వయంగా ఫోన్ చేశాడు.

"మీరు పెద్దవారు, మీకు చెప్పేంతవాణ్ణి కాదు. అది మీ వంశం గోడండీ. మీ ముత్తాతగారి పలక ఉంది. మేమే దాన్ని కళ్ళకద్దుకుని చూసుకుంటుంటే, మీరొచ్చి పగలగొట్టిస్తానంటారేంటండీ? ఈ శివరాత్రికి ఆ పలకకు బంగారు రంగు వేయిద్దామనుకుంటున్నాం. మీరొచ్చి ఆవిష్కరించాలి."

నిజం చెప్పాలంటే ఆ రెండు నిమిషాలూ నాకు బాగున్నాయి. మా పేరుకు బంగారు రంగు వేస్తామని ఎవరైనా అని యాభై ఏళ్ళయింది. "రంగు వేయించకండి," అన్నాను. "పలక ముందుగా దింపించాల్సి వస్తుంది."

శివరాత్రికి పదిరోజుల ముందు, పొద్దున ఎనిమిదింటికి అందరం గుడి దగ్గర చేరాం. విచారణ చేస్తున్న దేవాదాయ అధికారి, ఛైర్మన్, పూజారి, తాపీమేస్త్రీ, నేనూ, నకలు మనిషీ. ఊళ్ళోవాళ్ళు యాభైమంది దాకా వచ్చారు. ఆమె గొంగళి పరుచుకుని గోడకు ఎదురుగా కూర్చుంది.

పలక ముందు దిగింది. మేస్త్రీ దాన్ని జాగ్రత్తగా నేలమీద ఆనించాడు. దాని వెనక గోడ మీద పలకంత మేర వెలిసిపోని సున్నం కనబడింది. తరవాత ఇటుకలు. నాలుగు కాదు, అరవై దాకా తీయాల్సి వచ్చింది. మా ముత్తాతగారు కట్టిస్తే గట్టిగా కట్టించేవారు. పదకొండింటికి స్తంభం నాలుగో ముఖం బయటపడింది.

ముఖమంతా దళసరి సున్నం. ఆ సున్నం ఊడిన చోట రాతి నిండా ఉలి గాట్లు. గోడకు పట్టు దొరకాలని అప్పటి మేస్త్రీలు రాతిని కావాలని గరుకు చేశారు. మా ముత్తాతగారి మేస్త్రీలు.

"ఇదేనా అండీ రాత?" ఛైర్మన్ అన్నాడు. గొంతులో ఎగతాళి లేదు, జాలి ఉంది. అది ఇంకా కష్టంగా ఉంది. "గాట్లు తప్ప ఏముందండీ?"

గుంపులోంచి ఎవరో, "యాసిడ్ పోస్తే సున్నం ఊడొస్తదండీ," అన్నారు.

"సున్నంతోపాటు అక్షరాలు కూడా దండం పెట్టి వెళ్ళిపోతాయి," అన్నాడు నకలు మనిషి. "బాల్చీడు నీళ్ళు, నాలుగు వెదురు పుల్లలు ఇప్పించండి. కొంచెం నీడ కూడా ఉంటే ఇప్పించండి."

మూడు గంటలు పట్టింది. తడపడం, ఆగడం, పుల్ల మొనతో సున్నం తీయడం, మళ్ళీ తడపడం. ఊళ్ళోవాళ్ళు సగంమంది భోజనాలకు వెళ్ళారు. ఆమె కదల్లేదు. ఒకసారి మాత్రం, "మెల్లగా అయ్యా, మా వాళ్ళు చాలాకాలంనుంచి పడుకుని ఉన్నారాడ," అంది. అతను నవ్వి, "లేపుతున్నానమ్మా," అన్నాడు.

రెండింటికి కాగితం అతికించాడు. కొట్టాడు. సిరా అద్దాడు. నల్లటి కాగితం మీద గాట్లు మెరుపుల్లాగా అడ్డంగా వచ్చాయి. వాటి మధ్యలో, వాటికింద, అక్షరాలు. పదహారు పంక్తులు. మూడు పూర్తిగా పోయాయి. మిగిలినవి ఉన్నాయి.

మూడో ముఖం మీద ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడినుంచి మొదలైంది. ఈ గొర్రెలను చేకొని, ఫలానా ఊరి గొల్ల, ఫలానావాడు. మెట్టమీద ఆమె ఊరి పేరు ఇప్పటికీ అదే.

"అయితే చెక్కేవాడు భోజనానికి వెళ్ళలేదన్నమాట," నకలు మనిషి నా చెవిలో అన్నాడు.

మనిషి పేరులో మూడక్షరాలున్నాయి. రెండు స్పష్టంగా ఉన్నాయి. మొదటిదాని మీదుగా ఒక గాటు వెళ్ళింది. ఏమై ఉంటుందో నాకు తెలుసు. అర్జీ నా దగ్గరే ఉంది. చదివేసి ఉంటే ఎవరూ కాదనేవాళ్ళు కాదు. కానీ చూడనిది ఒకసారి రాశాను, ఆ చేత్తో రెండోసారి రాయదలచుకోలేదు. ఇంకో నకలు తీయమన్నాను. అతను ఆ అక్షరం చోట మాత్రం సన్న కాగితం వేసి, వేలికొసతో అద్ది తీశాడు. గాటుకు అటూ ఇటూ అక్షరం కొసలు వచ్చాయి.

ఛైర్మన్ గొంతు సవరించుకున్నాడు. "తప్పుగా అనుకోకండి. మీకు తప్ప ఇక్కడ ఎవరికీ ఆ లిపి రాదు. మీరెలా చదివితే అలాగే కదండీ?"

అది న్యాయమైన మాట. నేను నా సంచిలోంచి ఆ కాలపు అక్షరమాల కాగితం తీసి, పక్కన ఇప్పటి అక్షరాలు రాసి, రెండు నకళ్ళతోపాటు ఆయన చేతికిచ్చాను. "మీరే చదవండి. నేను నోరు మెదపను."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. కాగితం చాప మీద పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని, వేలితో ఒక్కొక్క అక్షరం పోల్చుకుంటూ వెళ్ళాడు. మొదటిది చాలాసేపు పట్టింది. రెండోది తేలిగ్గానే దొరికింది. మూడోది పలికి, మూడూ కలిపి, బడిలో పిల్లవాడు జవాబు దొరికినప్పుడు అన్నట్టు పెద్దగా పేరు చదివాడు.

గొంగళి మీదనుంచి ఆమె కొంగు ముఖానికి అడ్డం లాక్కుంది.

"అది మా ఆయన పేరు కదయ్యా! అట్టా నలుగురిలో గట్టిగా అరవమాక."

విచారణ అధికారి లేచి నా చేతిలోంచి అర్జీ తీసుకుని, భర్త పేరు గడి చూసి, దాన్ని ఛైర్మన్‌కు చూపించాడు. ఆ పేరు ఇక్కడ రాయను. అది ఆ ఇంటివాళ్ళ సొత్తు.

మిగిలింది నేను చదివాను. తానూ, తన బిడ్డలూ, బిడ్డల బిడ్డలూ, సూర్యచంద్రులున్నంతకాలం, మానెడు నెయ్యి, తమ చేతులతో ఈ దీపానికి పోయాలి. దీనికి అడ్డుపడినవాళ్ళకు ఏమవుతుందో చివరి రెండు పంక్తుల్లో ఉంది. అది కొంచెం మొరటుగా ఉంటుంది, గొంతు తగ్గించి చదివాను. అడ్డుపడినవాళ్ళ మునిమనవడిని నేనే కదా.

ఛైర్మన్‌కు ఓడిపోవడం అలవాటు లేదు. కాసేపు ఆలోచించి, నవ్వుతూనే, చివరి రాయి ఒకటి విసిరాడు. "అంతా బాగానే ఉందమ్మా. మరి ఆ యాభై గొర్రెలేవీ? గొర్రెలుంటేనే కదా నెయ్యి?"

ఆమె లేచి, గొంగళి దులిపి భుజాన వేసుకుంది. చెయ్యి చాపి పొలాలవైపు చూపించింది.

"అవిగో, మీ చేలోనే మేస్తన్నాయి. పోయి చూసుకో. ఎక్కువే ఉంటాయి గానీ తక్కువ ఉండవు."

ముందు నవ్వింది ఛైర్మనే. ఆ తరవాత ఊరంతా నవ్వింది. విచారణ అధికారి కూడా నవ్వు ఆపుకుంటూ అక్కడే కాగితం మీద ఉత్తర్వు రాశాడు. పూజారి మాత్రం నవ్వలేదు. బయటికి వచ్చి, కొత్తగా బయటపడ్డ రాతికి పసుపూ కుంకుమా పెట్టి, రెండు మారేడు దళాలు ఉంచాడు. ముప్పై ఏళ్ళుగా రోజూ దీపం వెలిగిస్తున్నాననీ, ఎవరి దీపమో ఆ రోజే తెలిసిందనీ అన్నాడు.

ఆ రోజంతా తలచుకుంటే నాకు ఒక సంగతి ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంటుంది. మొదటి ముఖం నిండా పొగిడించుకున్న రాజు వంశం ఏమైందో ఎవరికీ తెలియదు. కొడుకును పోగొట్టుకున్న ఆ తల్లి వంశమూ తెలియదు. గోడ కట్టించిన మా వంశం సంగతి పైన రాశాను. ఎవరి పేరును సున్నం కింద కప్పేశారో వాళ్ళు మాత్రం చెంబుతో నెయ్యి పట్టుకుని ఏటా వస్తూనే ఉన్నారు. ఆ గుడికి చరిత్ర ఉందంటే, అది రాతి మీద ఎంత ఉందో వాళ్ళ నడకలో అంత ఉంది. పిల్లలకు నేను చెప్పేది ఇదే. రాతిని చదివే ముందు, దాని దగ్గరికి ఎవరు వస్తున్నారో చూడండి. చూడనిది చూడలేదని రాయండి. ఆ ఒక్క మాటకు ఎవరి ఉద్యోగమూ పోదు.

మా పలకను ఏం చేయమంటారని ఛైర్మన్ మర్యాదగా అడిగాడు. మీకు వీలైన చోట పెట్టమన్నాను. వంటశాల గోడకు పెట్టారు. పులిహోర కలిపే పెద్ద గంగాళం పైన మా ముత్తాతగారి బిరుదులన్నీ ఉన్నాయి. పసుపు చేతులు తగిలి కొన్ని అక్షరాలు పచ్చబడ్డాయి. బంగారు రంగు వేయిస్తామన్నారుగా, వేసినట్టే అయింది.

శివరాత్రి పొద్దున నేనూ, నకలు మనిషీ వెళ్ళాం. మండపం నిండా జనం. ఆమె తలంటుకుని, కొత్త చీర కట్టుకుని, మనవడితో వచ్చింది. బయట రాతికి నుదురు ఆనించింది. ఈసారి రాయి చల్లగా తగిలిందేమో, ఒక్క క్షణం ఉలికిపడి, నవ్వుకుంది. లోపలికి వచ్చి చెంబు వంచింది. పేరిన నెయ్యి ముద్దలుగా పడేసరికి ప్రమిదలో వత్తి కుంగింది. దీపం ఆరిపోతుందేమోనని ఛైర్మన్ అడుగు ముందుకు వేశాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టి, అలాగే చూస్తూ నిలబడింది. నెయ్యి కరిగింది. దీపం లేచి నిలబడింది. శంఖం, గంట, జనం అరుపు ఒక్కసారిగా కలిసిపోయాయి.

గుమ్మం దాటి వస్తూ ఆమె నా ముందు ఆగింది. ఏదో కృతజ్ఞతగా అంటుందని, అలవాటు కొద్దీ, కొంచెం నిటారుగా నిలబడ్డాను.

"వచ్చే ఏడు మీరు ఇంత దూరం రానక్కర్లేదు బాబుగారూ," అంది. "ఇంక రాయి చూసుకుంటది."

అయినా ఏటా వెళ్తున్నాను. ఛైర్మన్ కూడా వస్తాడు. ఆమె నెయ్యి పోసేదాకా మేమందరం బయటే నిలబడతాం.